ఎస్టెస్ పార్కులో మూడు రోజులు: పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఊళ్లో దిగాలా, డెన్వర్ నుంచి వెళ్లి రావాలా?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. సెప్టెంబరు మూడో వారంలో మా అత్తగారిని, మామగారిని, ఆరేళ్ల మా అమ్మాయిని తీసుకుని కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు చూడటానికి వెళ్లాలనుకుంటున్నాము. డెన్వర్ దాకా విమానంలో వెళ్లి అక్కడ కారు అద్దెకు తీసుకుంటాము. మా చేతిలో ఉన్నవి మూడు రోజులే. మామగారికి అరవై ఎనిమిదేళ్లు, బీపీకి మందులు వేసుకుంటారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. చదునైన దారి అయితే మైలు దూరం నిదానంగా నడవగలరు గాని, ఎత్తు ఎక్కడం ఆవిడ వల్ల కాదు. ఇద్దరూ సందర్శకుల వీసా మీద ఇండియా నుంచి వచ్చారు.

మూడు రాత్రులూ డెన్వర్‌లోనే ఉండి, పొద్దున్నే పార్కుకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చని మా వారు అంటున్నారు. ఎస్టెస్ పార్కు అన్నది నేషనల్ పార్కు గుమ్మం ముందున్న చిన్న ఊరు, కారు ఆపి కాఫీ తాగడానికి తప్ప అక్కడ పనేముంటుందని ఆయన వాదన. పెద్దవాళ్లకు రోజూ అంత ప్రయాణం అలసట కదా అని నాకు అనిపిస్తోంది. అయితే ఏడున్నర వేల అడుగుల ఎత్తులో రాత్రి పడుకోవడం మామగారికి పడుతుందా అన్న భయం కూడా ఉంది. పార్కులోకి వెళ్లడానికి ముందే సమయం కేటాయించుకోవాలని విన్నాను, ఆ పద్ధతి నాకు సరిగా అర్థం కాలేదు. తల్లిదండ్రులతో వెళ్లి వచ్చినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం 1 (ఫోర్ట్ కాలిన్స్ నుంచి)

ఊళ్లోనే దిగండి. ఇండియా నుంచి వచ్చే బంధువులను ప్రతి ఏడాదీ అక్కడికి తీసుకువెళ్లేది నేనే కాబట్టి ఈ మాట నమ్మకంగా చెప్పగలను.

ముందు ఒక తికమక తీరుస్తాను. ఊరి పేరులో పార్కు అని ఉన్నా అది నేషనల్ పార్కు కాదు. కొండల నడుమ గడ్డి పరుచుకున్న విశాలమైన లోయను ఆ ప్రాంతంలో పార్కు అనేవారు. 1859లో ఆ లోయకు చేరి కొన్నేళ్లు కాపురమున్న జోయెల్ ఎస్టెస్ ఇంటిపేరు దానికి స్థిరపడింది. నేషనల్ పార్కు ఏర్పడింది 1915 జనవరి 26న. అంటే పార్కు కోసం పుట్టిన ఊరు కాదది. ఊరి పేరే పార్కు కన్నా యాభై ఏళ్లు పాతది. ఇప్పుడు అక్కడ స్థిరంగా ఉండేవారు ఆరు వేల మంది లోపే. వేసవిలో వచ్చిపోయే జనంతో ఎల్క్‌హార్న్ అవెన్యూ అనే ప్రధాన వీధి కిటకిటలాడుతుంది గాని, ఆ వీధికి వెనకగా బిగ్ థామ్సన్ నది, ఫాల్ నది కలిసే చోట బెంచీల మీద కూర్చుంటే నీటి చప్పుడు తప్ప మరొకటి వినపడదు. మా పెద్దమ్మ గంటన్నర సేపు అక్కడి నుంచి కదలలేదు.

ఇక పార్కులోకి వెళ్లే పద్ధతి సంగతి. మే చివరి వారం నుంచి అక్టోబరు మధ్య దాకా వాహనానికి ఒక పర్మిట్ ముందుగా రిక్రియేషన్ డాట్ గవ్ అన్న సైటులో తీసుకోవాలి. గత కొన్నేళ్లుగా ఇవి రెండు రకాలుగా ఉంటున్నాయి. బేర్ లేక్ రోడ్డు వైపు వెళ్లడానికి ఇచ్చేది ఉదయం 5 నుంచి సాయంత్రం 6 వరకు అవసరం. ఆ రోడ్డు తప్ప మిగిలిన పార్కుకు ఇచ్చేది ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు మాత్రమే అవసరం. పర్మిట్‌లో రెండు గంటల వ్యవధి రాసి ఉంటుంది. ఆ రెండు గంటల లోపల గేటు దాటితే చాలు, తరవాత ఎంతసేపు ఉన్నా ఎవరూ అడగరు. బుకింగ్ రుసుము 2 డాలర్లు, ప్రవేశ రుసుము వేరు. సెప్టెంబరు పర్మిట్లు ఆగస్టు 1న ఉదయం 8 గంటలకు, అక్కడి కాలమానం ప్రకారం, విడుదల చేస్తూ వచ్చారు. అప్పుడు దొరకకపోతే ముందు రోజు సాయంత్రం 7 గంటలకు మరికొన్ని వదులుతారు, కాని అవి నిమిషాల్లో అయిపోతాయి. తేదీలు ఏటా కొద్దిగా మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు పార్కు వారి సైటు ఒకసారి చూసుకోండి.

ఊళ్లో ఎందుకు దిగమంటున్నానో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఉదయం 9కి ముందు గేటు దాటేవారికి, పార్కులో కొండల మీదుగా పోయే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు వైపు పర్మిట్ అక్కర లేదు. ఊరి మధ్య నుంచి బీవర్ మెడోస్ గేటుకు కారులో పది నిమిషాల పైచిలుకు. పెద్దవాళ్లు ఏడింటికి లేచి, నింపాదిగా కాఫీ తాగి, ఎనిమిదిన్నరకు గేటు దాటేయవచ్చు. మధ్యాహ్నం ఊళ్లోకి తిరిగి వచ్చి, భోజనం చేసి, ఒక కునుకు తీసి, నాలుగు గంటలకు మళ్లీ వెళ్లవచ్చు. అప్పుడు కూడా పర్మిట్ అక్కర లేదు. డెన్వర్‌లో ఉండి ఇదే చేయాలంటే తెల్లవారుజామున ఆరింటికే వాళ్లను కారెక్కించాలి, మధ్యాహ్నం వాళ్లు నడుం వాల్చడానికి చోటుండదు. ఆ మధ్యాహ్నపు విశ్రాంతే ఈ ప్రయాణాన్ని నిలబెడుతుందని నా గట్టి నమ్మకం.

మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారికి రెండు చోట్లు చెబుతాను. ఒకటి స్ప్రేగ్ లేక్. చక్రాల కుర్చీ కూడా వెళ్లగలిగేలా సరస్సు చుట్టూ చదును చేసిన బాట, మైలు కన్నా తక్కువే. గాలి లేని పొద్దున అయితే ఎదురుగా ఉన్న పర్వతాల వరస మొత్తం నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. అది బేర్ లేక్ రోడ్డులోనే ఉంది కాబట్టి ఆ ఒక్క రోజుకు మొదటి రకం పర్మిట్ తీసుకోండి. రెండోది ఊళ్లోనే ఉన్న లేక్ ఎస్టెస్, దీనికి నేషనల్ పార్కు పర్మిట్ అక్కర లేదు. ఇది సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. కొండలకు పడమటి వైపు నీటిని, అమెరికా ఖండంలో నీళ్లను తూర్పు పడమరలకు విడదీసే శిఖరాల కిందుగా 13 మైళ్ల పొడవున తొలిచిన సొరంగం ద్వారా తూర్పు మైదానాల పొలాలకు తీసుకువచ్చే పథకంలో ఒక భాగంగా, ఆనకట్ట కట్టి నిలిపిన నీరు. మీ మామగారికి అలాంటి సంగతుల మీద ఆసక్తి ఉంటే తప్పక చెప్పండి. నీటిపారుదల శాఖలో పని చేసి రిటైరైన మా బాబాయి ఆ గట్టు మీద నిలబడి నన్ను వంద ప్రశ్నలు అడిగారు.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. 2026 జనవరి 1 నుంచి, అమెరికాలో నివాసం లేని పదహారేళ్లు నిండిన సందర్శకులకు 11 నేషనల్ పార్కుల్లో మామూలు ప్రవేశ రుసుముకు అదనంగా మనిషికి 100 డాలర్లు పెట్టారు. రాకీ మౌంటెన్ ఆ పదకొండింటిలో ఉంది. మీ అత్తమామలు సందర్శకుల వీసా మీద ఉన్నారు కాబట్టి ఇది మీకు వర్తించే విషయమే. వాళ్లకు ఈ ఏడాది మరో రెండు పార్కులు కూడా చూపించే ఆలోచన ఉంటే, విదేశీ సందర్శకుల కోసం పెట్టిన 250 డాలర్ల వార్షిక పాస్‌తో పోల్చి చూసుకోండి. అరవై రెండేళ్లు దాటినవారి రాయితీ పాస్ అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రమే ఇస్తారు.

సమాధానం 2 (ఆస్టిన్ నుంచి)

పై వారు చెప్పినది అక్షరాలా నిజం. నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాను.

రెండేళ్ల కిందట జులైలో మా అమ్మను తీసుకుని పొద్దున పది గంటలకు డెన్వర్‌లో విమానం దిగాము. ఉన్నది రెండు రోజులే కదా, సమయం వృథా చేయకూడదన్న తొందరలో గదికి కూడా వెళ్లకుండా నేరుగా ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎక్కించేశాను. ఆ రోడ్డు 12,183 అడుగుల దాకా వెళుతుంది. టెక్సాస్‌లో ఐదారు వందల అడుగుల ఎత్తులో నిద్ర లేచిన మనిషిని మధ్యాహ్నానికల్లా అక్కడ నిలబెట్టాను. ఆ ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు నలభై శాతం తక్కువ. వెనక సీటులో పెట్టిన చిప్స్ పొట్లం గాలి నింపిన దిండులా ఉబ్బిపోయింది. మా అబ్బాయి దాన్ని చూసి నవ్వుతుంటే నేనూ నవ్వాను. శరీరం మీద కూడా అదే మార్పు పని చేస్తోందని అప్పుడు నాకు తట్టలేదు.

11,796 అడుగుల ఎత్తులో ఉన్న ఆల్పైన్ విజిటర్ సెంటర్ దగ్గర కారు దిగిన కాసేపటికి అమ్మ తల పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. కణతల దగ్గర పోట్లు, కడుపులో తిప్పు, మంచినీళ్లు కూడా వద్దంది. అక్కడున్న రేంజరు వచ్చి రెండు ప్రశ్నలు అడిగి, ఇంకేమీ ఆలోచించకుండా కిందికి దిగిపొమ్మని చెప్పారు. ఎస్టెస్ పార్కుకు చేరిన రెండు గంటలకు అమ్మ తేరుకుని మజ్జిగ అడిగింది. మరునాడు పార్కు పేరెత్తితే మాత్రం రానంది. బలవంతపెట్టే ధైర్యం నాకు లేకపోయింది. అంత దూరం తీసుకువెళ్లి ఆవిడకు ఆ కొండలు చూపించలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మొదటి రోజు ఎక్కడికీ ఎక్కకండి. ఊళ్లోనే ఉండి, నీళ్లు బాగా తాగించి, త్వరగా పడుకోబెట్టండి. ఎత్తైన రోడ్డు మూడో రోజుకు ఉంచుకోండి.

సమాధానం 3 (డెన్వర్ నుంచి)

ఊళ్లో దిగడం మంచిదే గాని, ఒక్క సవరణ చెబుతాను. మీ మామగారి వయసును, బీపీని దృష్టిలో పెట్టుకుంటే, వీలైతే మొదటి రాత్రి డెన్వర్‌లో గడిపి, రెండో రోజు ఉదయం కొండెక్కడం మేలు. డెన్వర్ 5,280 అడుగులు, ఎస్టెస్ పార్కు 7,522 అడుగులు. మధ్యలో ఒక మెట్టు వేసినట్టవుతుంది. ఎలాగూ విమానం దిగి, కారు తీసుకునేసరికి పొద్దుపోతుంది. మీరు రాత్రి పూట చేరేటట్టయితే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ కొండదారులు పెద్దవాళ్లు కారులో ఉండగా చీకట్లో పోవలసినవి కావు. బయలుదేరే ముందు మందులు రాసే వైద్యుడికి ఈ ఎత్తుల అంకెలు చెప్పి అడగండి. కొండ ప్రాంతమని ఊరికే అంటే ఆయనకు తెలియదు. పడుకునేది ఏడున్నర వేల అడుగుల్లో, పగలు రెండు గంటలు పన్నెండు వేల అడుగుల్లో అని స్పష్టంగా చెప్పండి.

దారుల గురించి ఎవరూ రాయలేదు. బౌల్డర్, లయన్స్ మీదుగా 36వ నంబరు రహదారి ఒకటి, లవ్‌లాండ్ నుంచి బిగ్ థామ్సన్ లోయ గుండా పోయే 34వ నంబరు రహదారి మరొకటి. రెండోది అందంగా ఉంటుంది. రెండు వైపులా రాతి గోడలు, పక్కనే నది, పది అడుగులకొక మలుపు. ఆ లోయలో వరద వస్తే కొండ ఎక్కి ప్రాణం కాపాడుకోమని చెప్పే బోర్డులు కనిపిస్తాయి. వాటిని చూసి కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు గాని, 1976 జులై 31 రాత్రి ఏం జరిగిందో తెలిస్తే ఆ బోర్డు విలువ తెలుస్తుంది. లోయ ఎగువన కదలకుండా నిలిచిపోయిన ఒక మేఘం నాలుగైదు గంటల్లో ఏడాది వానలో దాదాపు ముప్పాతిక వంతు కురిపించింది. ఆ నీరు ఇరుకు లోయలో గోడలా దిగివచ్చి 144 మందిని పొట్టన పెట్టుకుంది. నీటితో పోటీపడి లోయ వెంట కారు తోలిన వారికన్నా, కారు వదిలి పక్క కొండ ఎక్కిన వారే బతికారన్నది దాని నుంచి నేర్చిన పాఠం. 2013 సెప్టెంబరులో వానలు రోజుల తరబడి కురిసినప్పుడు ఈ రెండు రహదారులూ తెగిపోయాయి. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇది. సెప్టెంబరులో ఎక్కువ రోజులు ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. పైన పెద్ద వాన పడుతున్నప్పుడు మాత్రం ఆ లోయలోకి దిగకండి, ఊళ్లోనే గంట ఆగండి.

ట్రెయిల్ రిడ్జ్ రోడ్డుకు వెళ్లే ముందు ఊళ్లోనే పెట్రోలు నింపించుకోండి, పార్కు లోపల ఎక్కడా బంకు లేదు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు నొక్కి ఉంచకుండా గేరు తగ్గించి దిగండి. చాలా చోట్ల అంచున పిట్టగోడ ఉండదు కాబట్టి, లోతు చూస్తే కళ్లు తిరిగేవారిని కొండ వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. ఊళ్లో ఎండగా ఉన్నా పైన ఇరవై ముప్ఫై డిగ్రీల ఫారెన్‌హీట్ తక్కువ ఉంటుంది, గాలి కూడా గట్టిగా వీస్తుంది. మీ అత్తగారికి శాలువా సరిపోదు, చెవులు కప్పే టోపీ, మందమైన కోటు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ఎన్నో కృతజ్ఞతలు. ఆస్టిన్ వారు రాసినది మా వారికి చదివి వినిపించాను. డెన్వర్ నుంచి రోజూ వెళ్లి రావాలన్న మాట ఆయన మానేశారు. వంటగది ఉన్న క్యాబిన్ ఒకటి ఎస్టెస్ పార్కులో చూశాము. మరో రెండు సందేహాలు మిగిలాయి. అత్తగారు ఇంటి వంట తప్ప తినరు కాబట్టి అన్నం, పప్పు అక్కడే వండుకోవాలి. అంత ఎత్తులో ఉడకవని ఎవరో అన్నారు, నిజమేనా? రెండోది, సెప్టెంబరులో ఎల్క్‌లు ఊళ్లోకే వస్తాయట. ఆరేళ్ల పిల్లతో అది ప్రమాదమా?

సమాధానం 4 (లాంగ్‌మాంట్ నుంచి)

వంట సంగతి నిజమే. ఎస్టెస్ పార్కులో నీళ్లు దాదాపు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. తెర్లుతున్నట్టు కళ్లకు కనిపిస్తుంది గాని లోపల వేడి చాలదు. నేను మొదటిసారి గిన్నెలో కందిపప్పు పెట్టి గంటంబావు చూశాను. బద్దలు మెత్తబడ్డాయి గాని మెదగలేదు, గరిటెతో నొక్కితే జారిపోయాయి. ప్రెషర్ కుక్కర్ తీసుకువెళ్లండి, ఇంట్లో పెట్టేదాని కన్నా మరి రెండు విజిల్స్ రానివ్వండి. పప్పును రెండు గంటలు ముందే నానబెడితే ఇంకా మంచిది. బియ్యం కుక్కర్‌లో ఏ ఇబ్బందీ లేకుండా ఉడుకుతాయి. వండిన తరవాత మిగిలినవి గాని, పళ్లు గాని రాత్రి పూట కారులో వదలకండి. అక్కడి నల్ల ఎలుగుబంట్లు కారు తలుపు పిడి పట్టుకుని తెరవడం నేర్చుకున్నాయి. చెత్త బుట్టలకు కూడా ఎలుగు తీయలేని మూతలు ఉంటాయి, వేళ్లు లోపలికి పెట్టి గడి నొక్కితేనే తెరుచుకుంటాయి.

ఎల్క్‌ల విషయంలో మీరు సరైన సమయానికే వెళుతున్నారు. మన కణుజు కన్నా పెద్ద దుప్పి అది. సెప్టెంబరు, అక్టోబరు మొదటి భాగం వాటి జతకట్టే కాలం. ఆడవాటి మందను వెంటబెట్టుకుని, మరో మగది దగ్గరికి రాకుండా మగవి కూత పెడతాయి. అంత పెద్ద జంతువు నుంచి అలాంటి గొంతు వస్తుందని ఎవరూ ఊహించరు. గొంతులో సన్నని గురకలా మొదలై, వేణువు పై స్వరం పట్టినట్టు పైకి లేచి, ఈల అయి, చివర నాలుగు మూలుగులతో ఆగిపోతుంది. మేము దిగిన క్యాబిన్ కిటికీ అద్దం తెల్లవారుజామున ఆ కూతకు సన్నగా అదిరింది. లేచి చూస్తే ఇరవై గజాల దూరంలో ఒక మగది కొమ్ములకు గడ్డి చుట్టుకుని, ముక్కు నుంచి ఆవిరి వదులుతూ నిలబడి ఉంది. మేము లైటు కూడా వేయకుండా అది వెళ్లేదాకా అలాగే చూశాము.

ప్రమాదమా అంటే, మనం దగ్గరికి పోతే ప్రమాదమే. పార్కు నిబంధన ప్రకారం ఎల్క్‌కు 75 అడుగుల దూరంలో, మూస్ అనే ఇంకా పెద్ద దుప్పికి, ఎలుగుబంటికి 120 అడుగుల దూరంలో ఉండాలి. 75 అడుగులంటే రెండు బస్సులను వరసగా నిలిపినంత అని పాపకు చెప్పండి, పిల్లలు ఆ లెక్క చక్కగా గుర్తు పెట్టుకుంటారు. ఊళ్లో లేక్ ఎస్టెస్ ఒడ్డున, గోల్ఫ్ మైదానంలో అవి పశువుల్లా మేస్తుంటాయి కాబట్టి సాధుజంతువులన్న భ్రమ కలుగుతుంది. ఫొటో కోసం పిల్లను ముందుకు తోసి నిలబెట్టే పెద్దవాళ్లను చూసినప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమంటుంది. సాయంత్రం ఐదు దాటాక హార్స్‌షూ పార్కు, మొరెయిన్ పార్కు అనే పచ్చిక మైదానాల్లోకి సెప్టెంబరు, అక్టోబరు రెండు నెలలూ అడుగు పెట్టనివ్వరు. రోడ్డు పక్కన కారు ఆపుకుని చూడాలి. మీ అత్తగారికి అదే సుఖం కూడా. మడత కుర్చీ, దుప్పటి, ఫ్లాస్కులో టీ పట్టుకుని ఐదున్నరకల్లా హార్స్‌షూ పార్కు చేరండి. ఆ వేళకు పర్మిట్ అడగరు.

మూడో వారం కాబట్టి ఆస్పెన్ చెట్లు కూడా పసుపు రంగుకు తిరిగి ఉంటాయి. వాటి ఆకు కాడ బల్లపరుపుగా ఉంటుంది, అందుకే కొద్దిపాటి గాలికే చెట్టంతా గలగలమంటుంది. పాపచేత ఒక ఆకు కాడ వేళ్ల మధ్య దొర్లించి చూపించండి, గుండ్రంగా తిరగదు.

ప్రశ్న అడిగినవారు

మొదటి రాత్రి డెన్వర్‌లో, తరవాతి రెండు రాత్రులు ఎస్టెస్ పార్కులో ఉండేలా గదులు తీసుకున్నాము. రెండో రోజు లేక్ ఎస్టెస్, సాయంత్రం హార్స్‌షూ పార్కు. మూడో రోజు ఉదయం ఎనిమిదిన్నరకు ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు. మామగారికి ఏ కొంచెం తలనొప్పి అనిపించినా అక్కడి నుంచే వెనక్కి తిరిగేలా ముందే మాట అనుకున్నాము. విమానం నాలుగో రోజు మధ్యాహ్నానికి మార్చుకున్నాము కాబట్టి ఆ పొద్దున స్ప్రేగ్ లేక్‌కు ఏడు గంటల పర్మిట్ కోసం ఆగస్టు 1న కూర్చుంటాను. కుక్కర్ సూట్‌కేసులో సర్దమని అత్తగారికి చెప్పాను, కందిపప్పు ఆవిడే కొలిచి పొట్లం కట్టారు.